సరి, బేసి

మా వీధికి రెండు గట్లు.
సరి తారీఖు రాత్రి సరి నంబరు ఇళ్ళ వైపు,
బేసి రాత్రి ఎదురు గట్టుకి.
రెండింటి నుంచి ఆరింటి దాకా
ఎవరి బండి ఎటు పడుకోవాలో
మిల్వాకీ నగరం రేకు మీద రాసి
స్తంభానికి కొట్టింది.

చిన్నప్పుడు గుప్పిట్లో చింతపిక్కలు బిగించి
సరా బేసా అని అడిగేవాళ్ళం.
ఓడితే పిక్కలు పోయేవి.
ఇక్కడ వైపర్ కింద కవరొస్తుంది.

పన్నెండు దాటాక ఇది ఏ తారీఖు?
మొదటి నెలలో ఫోన్ చేసి అడిగాను.
పొద్దు గూకినప్పుడు ఏదుంటే అదేనమ్మా,
తెల్లారేదాకా మారదు, అంది అవతలి గొంతు.
ఓహో, పంచాంగం లెక్కే అనుకున్నాను,
సూర్యుడొస్తే గానీ రోజు మారదు.
ముప్ఫైయొకటి, తర్వాత ఒకటో తారీఖు,
రెండు రాత్రులు ఒకే గట్టు.
అది మా వీధిలో బద్ధకస్తుల పండగ.

పర్మిట్ వెనకద్దం మూలన అంటించాను.
నువ్వెవరు, ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు,
ఒక్కటీ అడగలేదు.
బండి నంబరు అడిగారు. డబ్బు అడిగారు.
అంత మర్యాదగా నన్ను ఈ దేశంలో
ఇంకే ఆఫీసూ చూడలేదు.

ఫిబ్రవరి పద్దెనిమిది. ఆసుపత్రి ల్యాబులో
ఎవరెవరివో నెత్తుటి సీసాలు సర్దేసి
ఒకటీ నలభైకి వీధిలోకి తిరిగాను.
బేసి గట్టున డెల్ఫీన్ కారు, బోనెట్ తెరుచుకుని.
తాళం తిప్పితే టిక్కు టిక్కుమంటోంది, అంతే.
నాలుగున్నరకి ఆమె మొదటి బస్సు తీయాలి.
కేబుల్స్ ఎవరి దగ్గరా లేవు,
ఉన్నాయని అందరూ అనుకున్నారు.

నా బండి ఆమె వెనకే ఆపి, దీపాలు మిణుకుమనేలా వదిలి
దిగాను.
టూగర్ షియాంగ్ వచ్చాడు, పైజామా మీద వేట కోటు.
లూత్సియన్ తాత ఇంటి చెప్పుల్తో వచ్చి
స్టీరింగ్ నాది అన్నాడు, ఎవరూ కాదనలేదు.
న్యూట్రల్. ముగ్గురం వెనక.
మంచు మీద కాలు నిలవదు,
చేతొడుగులు డిక్కీకి అతుక్కుపోతున్నాయి.
మా నాయన ఎద్దుల్ని అదిలించిన మాటొకటి
నా నోట్లోంచి దూకింది.
టూగర్ తన భాషలో ఇంకేదో అన్నాడు.
ఏది పనిచేసిందో తెలీదు, కారు కదిలింది.
అడ్డంగా, ముసలి గేదెలా, వీధి దాటి
సరి గట్టున ముక్కు పెట్టి ఆగింది.

నవ్వొచ్చింది. ఒగరుస్తూ నవ్వాం.
తాత దిగి, కోటు జేబులోంచి
కాగితం చుట్టిన పుదీనా బిళ్ళలు తలా ఒకటి పంచాడు.

అప్పుడు పచ్చ దీపం.
చిన్న తెల్ల బండి మెల్లగా వచ్చి
ఎదురు గట్టున ఆగింది.
అక్కడ ఒంటరిగా మిణుకుతూ
నాది.

రెండూ నాలుగు.
డెల్ఫీన్ చేతులూపింది, తాత పోలిష్‌లో తిట్టాడు.
టోపీ కింద ఇరవై రెండేళ్ళుంటాయేమో ఆ పిల్లకి,
మిషన్ నుంచి చీటీ అప్పటికే సగం బయటికొచ్చింది.
ఒకసారి మొదలైతే ఆపలేనండీ అంది,
నిజంగానే సిగ్గుపడుతూ.
సరే అన్నాను.
చింతపిక్కలాటలో కూడా
గుప్పిట తెరిచాక పేచీ లేదు.

ఫైన్ పడ్డ బండినే మళ్ళీ తిప్పాను.
డెల్ఫీన్ వెనక మిగిలిన జానెడు చోటు,
ప్లౌ తోసిన మంచు దిబ్బ, కింద గాజు.
ఆ పిల్ల వెళ్ళిపోలేదు. దిగి, టార్చి నేలకి పట్టుకుని
ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు, అంది.

పుదీనా బిళ్ళ ఇంకా కరగలేదు.
తొడుగులు హీటర్ మీద ఆరేశాను.
చీటీ కూడా తడిసింది, దాన్నీ పక్కన పరిచాను.
రేపు పంతొమ్మిది.
బేసి.