ఆరు మీటర్లు

మునిగినవాడికి చలేమిటి అంటారు.
అన్నవాడెవడో ఈ గనిలో మునగలేదు.
ఏప్రిల్, గట్టు నీడన ఇంకా మంచు పలక,
నీళ్లు నాలుగు డిగ్రీలు.
రబ్బరు ముక్కని నేను కరిచానో
అదే నన్ను కరిచిందో తెలియదు.

నాలుగొందలసార్లు మునిగానని చెప్పాను మొదటిరోజు,
కాస్త గొప్పగానే.
ఎర్రసముద్రం, తాబేళ్లు, ఫొటోలు.
టూలిక్కి ఫ్లాస్కు మూత బిగిస్తూ
"మంచిది,
ఇవాళ కదలకుండా ఉండటం నేర్చుకుందాం" అంది.

ఆరు మీటర్లు. అంతే లోతు.
బోర్లా, మోకాళ్లు మడిచి, చేతులు ముందుకి చాపి
నీళ్లలో పరుపు ఉన్నట్టు పడుకోవాలి.
నిండుకుండ తొణకదట.
వీపున రెండు నిండు సిలిండర్లు మోస్తూ
నేను తొణికిందే తొణకడం.
కాలు తగిలిన చోట సున్నపు బురద లేచి
ఒన్ని మాయమయ్యాడు,
టూలిక్కి మాయమయ్యింది,
నా చెయ్యి కూడా.

మెడ వెనక మూడు వాల్వులు.
మందపాటి గ్లవ్ లోపల వేళ్లు ఎవరివో.
ఒకటి మూసెయ్ అని సైగ చేసింది.
మూశాను,
నేను పీలుస్తున్నదాన్నే.
సగం ఊపిరి వచ్చింది. రెండో సగం రాలేదు.
నేను చెయ్యి ఊపేలోపే
ఆమె తన నోట్లోది తీసి నా నోట్లో పెట్టింది,
ఏడ్చే పిల్లాడికి పాలపీక పెట్టినట్టు.

రాత్రి ఆవిరి గదిలో ఒన్ని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సిలిండర్ మీద టేపు అంటించి
ఎవరి చేత్తో వాళ్లే రాసుకోవాలి:
పేరు, తేదీ, శాతం,
దిగకూడని లోతు.
అచ్చమైన ఆక్సిజన్ ఉన్నదాని మీద పెద్దగా ఆరు.
ఆరు దాటితే ఇదే ఊపిరి ఫిట్స్ తెప్పిస్తుంది,
ఫిట్స్ వస్తే నోట్లోది జారిపోతుంది,
ఆ తర్వాత?
టూలిక్కి బోర్డు తుడిచేసింది.

నేను హెల్సింకీలో ట్రామ్ నడుపుతాను.
స్టాపుల సంగతి నాకా చెప్పడం, అనుకున్నాను.
తొమ్మిది దగ్గర మూడు నిమిషాలు,
ఆరు దగ్గర ఏడు.
పైన ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది,
బాతు పొట్ట కింద ఎర్రటి కాళ్లు కనిపిస్తాయి,
తలుపు బార్లా తీసే ఉంటుంది.
వెళ్లకూడదు.

చివరి రోజు నలభై అయిదు.
గని గోడ వెంట ఇనప నిచ్చెన,
దీపాలు తగిలించే కొక్కేలు.
టూలిక్కి తండ్రి ఈ నిచ్చెన మీదే డ్యూటీ దిగేవాడట,
నీళ్లు రాక ముందు.
పద్నాలుగో నిమిషం.
అన్నీ సరిగ్గానే ఉన్నాయి,
ముళ్లు, దీపం, ఒన్ని.
ఎన్ని నిమిషాలు ఉండాలనుకున్నామో
అదొక్కటే గుర్తు రావడం లేదు.
మణికట్టు మీద రాసుకున్నాను,
చదివాను,
చదివింది తలలోకి దిగలేదు.

నేల మీద బొటనవేలు ఎత్తితే భేష్ అని.
ఇక్కడ, చాలు, పైకి పోదాం అని.
ఎత్తాను.

ఒన్ని ఔలూ నుంచి ఆరొందల కిలోమీటర్లు
బండి నడుపుకుంటూ వచ్చాడు దీనికోసం.
వెంటనే తన వేలెత్తాడు.
టూలిక్కి ఎత్తింది.
ఎందుకని ఎవరి కనుబొమా అడగలేదు.

ఆరు దగ్గర ఒన్ని నా టేపు చదివి
అంకె మీద వేలు పెట్టి చూపాడు.
మార్చుకున్నాను.
ఏడు నిమిషాలు.
నాలుగో నిమిషంలోనో అయిదులోనో
గమనించాను, కింద బురద లేవలేదని.

గట్టు మీద కాఫీ. పెదాలు తిమ్మిరెక్కి సగం గడ్డం మీదే.
"మా నాన్న లోపలేముందో ఎప్పుడూ చెప్పలేదు,
సాయంత్రం పైకి వచ్చేవాడు, అంతే" అంది టూలిక్కి,
ఎవరితోనో అన్నట్టు.
కార్డు ఇవ్వలేదు.
మే నెలలో మళ్లీ రమ్మంది.

సోమవారం, తెల్లవారుజామున అయిదింటికి
చివరి నుంచి రెండో స్టాపులో ఎవరూ లేరు.
ఆపాను.
తలుపు తీశాను.
చలి ఒక్కటే ఎక్కింది.