కాలువ దాటే కర్ర

ఆ ఉత్తరం మీద సంతకం నాదే.
ఎడమ కాలు బంగారం, వయసు ఎనిమిది,
ఇక ఫుట్‌బాల్ తప్ప మరేదీ వద్దు.
గిన్నెలు తుడిచే తువ్వాలు భుజాన వేసుకుని
వాళ్ళమ్మ హిల్ట్యె రెండుసార్లు చదివింది.
"మరి స్కేటింగో?"
చీలమండలు జాగ్రత్త, అన్నాను.
"కర్రతో కాలువలు దూకడమో?"
నవ్వాను.
ఆ నవ్వు ఇప్పటికీ నా పళ్ళలో ఇరుక్కునే ఉంది.

ఫ్రీస్‌లాండ్‌లో
పొలానికి కంచె ఉండదు, నీళ్ళుంటాయి.
పిల్లలు పరుగెత్తుకొచ్చి
కాలువ నడుమ నిలిపిన పొడుగాటి కర్రను కరుచుకుని
గబగబా పైకి పాకి
అవతలి గట్టున వాలతారు,
లేదా బురదలో.
ఎక్కువగా బురదలోనే.

సీట్సె అన్నీ మానేశాడు.
మానేశాడేమిటి, మాన్పించాం.
నారింజరంగు శంకువుల మధ్య
ఒకటే మలుపు, ఒకటే మలుపు,
వానలో, సెలవుల్లో, పుట్టినరోజున.
మేం లెక్కపెట్టాం.
లెక్క చాలా బాగా కుదిరింది.

పక్కింటి ఔకె
చలికాలం మంచు మీద, వేసవిలో కర్ర మీద,
శుక్రవారాలు జూడో చాప మీద ఉండేవాడు.
ఫుట్‌బాల్‌కి తీరిక దొరికితే వచ్చేవాడు.
పదమూడేళ్ళప్పుడు వాడి పేరు పక్కన
"ఆలస్యం" అని రాశాను.
ఆ శనివారం మైదానమంతా జారుడుబండ.
ఇరవై ఒక్కమంది పడ్డారు.
వాడూ పడ్డాడు కానీ
నేల తగిలే లోపే లేచాడు,
పడడం వాడికి పాత చుట్టం.
కొట్టేద్దామనుకున్నాను ఆ మాటని.
పెన్నుతో రాశాను మరి.

పదహారేళ్ళకి సీట్సెకి గజ్జల్లో నొప్పి, ఆపైన మోకాలు.
డాక్టరు ఫొటోని వెలుతురుకి పట్టి
ఒక్క చోట వేలు పెట్టింది.
రోజూ ఒకే దారిన తొక్కిన గడ్డిలా ఉంది అక్కడ.

ఔకె గొప్ప ఆటగాడయ్యాడనుకుంటారేమో.
లేదు. పాలు పితికే యంత్రాలు బాగుచేస్తాడు,
మూడో జట్టులో ఆడతాడు, ఆకలిగా తింటాడు.
నేను పంపినవాళ్ళలో ఒకడు మాత్రం
పెద్ద క్లబ్బులో ఉన్నాడు.
వాడు ఏడో ఏటి నుంచీ బంతి తప్ప ఏదీ ముట్టలేదు.
నాతో వాదించాలంటే వాడి పేరెత్తండి,
నా దగ్గర జవాబు లేదు.

మొన్న ఆగస్టులో సీట్సె వచ్చాడు, పంతొమ్మిదేళ్ళవాడు.
ఔకెని కర్ర అడిగాడు.
నీళ్ళకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.
దూకడం కాదు వాడి భయం,
ఎలా పడాలో ఎవరూ నేర్పలేదు.
పరుగెత్తాడు. ఎగిరాడు.
కర్ర నిటారుగా లేచి
కాలువ నడుమ ఒక్క క్షణం
ఇటూ కాక అటూ కాక ఆగి,
తీరిగ్గా, పక్కకి, ఒరిగింది.

జుట్టు నిండా నాచుతో పైకి తేలాడు.
నోట్లో నీళ్ళు ఉమ్మి
"మళ్ళీ?" అన్నాడు,
నన్ను కాదు, ఔకెని.
అలవాటు కొద్దీ నేను పుస్తకం తీశాను.
ఏం రాయాలో తోచలేదు.
నీళ్ళు నా బూట్ల దాకా వచ్చాయి.