మేచి వంతెన మీద అల్లం

పదకొండో రోజు
లారీలో అల్లం మొలకెత్తింది.

ఫుంగ్మా గోతాం కుట్టు ఒకచోట విప్పి
వేలు పెట్టి చూసింది.
కణుపు కణుపునా పచ్చటి ముక్కులు,
ఎవరు పిలిచారని వచ్చాయో.

ఇలాం కొండల మీంచి దించిన నూట నలభై బస్తాలు.
వాటిలోంచి చారెడు తీసి, సంచిలో పోసి, సీలు వేసి
పరీక్షకి పంపారు కలకత్తాకి.
ఆ చారెడు సంగతి తేలేదాకా
మిగతాదంతా ముద్దాయి చుట్టాల్లా
ఎండలో నిలబడాలి.

దక్షిణం నుంచి ఉల్లి లారీ, సిమెంటు లారీ, ఉప్పు లారీ
హారన్ కొట్టుకుంటూ కొండలకి ఎక్కిపోతున్నాయి.
ఉప్పుకి పరీక్ష ఉండదా, అన్నాడు క్లీనర్ కుర్రాడు.
హర్కజిత్ స్టీరింగ్ మీంచి తల ఎత్తలేదు.
"ఉప్పు లేకుండా నువ్వెన్నాళ్ళుంటావు?
మన అల్లం లేకుండా వాళ్ళెన్నాళ్ళయినా ఉంటారు.
అదే పరీక్ష."

వంతెన కింద మేచి మోకాలి లోతు.
బడిపిల్లలు చెప్పులు చేతబట్టుకుని దాటేస్తున్నారు.
నూటికి నూట అరవై,
రూపాయిని రూపాయిగా మార్చే ఆ లెక్క
ఎక్కాల కంటే ముందే వాళ్ళకి నోటికొచ్చు.
ఇటు లోపలికి వచ్చేకొద్దీ
ఆ లెక్క ఒకటుందనే ఎవరికీ తెలీదు.

ఇటు అంటున్నాను కదా,
నేను పెద్దింటి మనిషిని.
నా గ్లాసులో టీ ఘాటుగానే ఉంది.
శొంఠి లేని కషాయం లేదంటాం,
శొంఠి ఎవరి చేలోదో ఎన్నడూ అడగం.

పన్నెండో రోజు కాగితం వచ్చింది: దోషం లేదు, పోవచ్చు.
సిలిగురి షావుకారు మొలకలు గిల్లి చూసి
సగం ధర అన్నాడు.
నూట ముప్పై ఆరు దించింది ఫుంగ్మా.
నాలుగు బస్తాలు మళ్ళీ లారీ ఎక్కించింది, విత్తనానికి.

వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతుంది.
మొక్క కుదురుకున్నాక, తొలి వానల్లో
వేరు కదలకుండా మట్టిలోకి చెయ్యి దూర్చి
నాటిన తల్లిదుంపని లాగి అమ్ముకుంటారు.
పిల్ల లోపలే ఊరుతుంది.
"ఈ ఏడు తల్లిని తియ్యను," అంది దారిలో.
ఎందుకని హర్కజిత్ అడగలేదు.

వంతెన అవతలి కొసన
వాళ్ళ దేశపు జవానే చెయ్యెత్తి ఆపాడు.
బస్తా తట్టి చూశాడు.
కాగితం ఏదీ?
ఇది బయటి దేశపు సరుకు కదా.