గుండుసున్నా

నెలాఖరు ఆదివారం.
షెట్లాండ్‌లో మా హామ్నావిక్ తీరం, కిలోమీటరున్నర ఇసుక.
నీటి అంచు వెంట వెళ్లడం,
పోటు వదిలిన నాచు గీత వెంట తిరిగి రావడం.
ఆకాశంతో పని లేదు.
మా లెక్క చచ్చిన పక్షులది.

లౌరీ నాకు అప్పజెప్పినవి:
ఇనప స్కేలు, కత్తెర,
తడిసిన కాగితం మీదా రాసే పెన్సిలు,
చేప వాసన వదలని చేతి తొడుగులు.
"రెక్క కొసలు కత్తిరించు,
వచ్చే నెల దీన్నే మళ్లీ లెక్కపెడతావు లేకపోతే.
కాలికి రింగుంటే నంబరు రాసుకో.
రొమ్ము మీద చమురుంటే వేలితో కాదు, ముక్కుతో చూడు."
ఇరవై ఆరేళ్లు పడవ ఇంజన్లతో కుస్తీ పట్టినవాడు,
ఏ రకం చమురో వాసనతో చెప్పేస్తాడు.

మొదటి చలికాలం గిల్లెమాట్లు పదకొండు,
ఫుల్మార్లు మూడు,
ఒక్క పఫిన్,
ముక్కు మీది వేసవి రంగులు ఊడిపోయి.
దాని రెక్క కొలుస్తుంటే
వేళ్లకు ఏ బరువూ తగల్లేదు.
ఆకలి, అన్నాడు లౌరీ.
రొమ్ము ఎముక కత్తిలా లేచి ఉంది.

ఏమీ దొరకని నెలలే ఎక్కువ.
వాటికీ గడి ఉంది కాగితంలో.
బళ్లో గుండుసున్నా వచ్చిన రోజు
తల దించుకుని ఇల్లు చేరినదాన్ని,
ఇక్కడ సున్నా చుట్టి
ఈల వేసుకుంటూ వెళ్లేదాన్ని.

ఒక ఫిబ్రవరిలో
గాలి తలుపు తెరవనివ్వలేదు.
ఓవెన్లో రొట్టె, ఒళ్లో పిల్లి.
ఎవరికి తెలుస్తుందిలే అని
కుర్చీలోంచే చుట్టాను సున్నా.
ఎప్పటికంటే గుండ్రంగా వచ్చింది.

మార్చిలో కాగితాలు తిరగేస్తూ
లౌరీ దాని దగ్గరే ఆగాడు.
"వెళ్లావా ఆ రోజు?"
గాలి గురించి చెప్పాను.
పిల్లి గురించి చెప్పలేదు.
కోప్పడలేదు. రబ్బరు అడిగాడు.
చెరిపి, గడి ఖాళీగా వదిలి,
పొడి ఊదేశాడు.

"సున్నా అంటే వెళ్లాం, లేవు.
ఖాళీ అంటే వెళ్లలేదు, తెలీదు.
రెంటికీ మధ్య దూరం
రానూపోనూ మూడు కిలోమీటర్లు."

ఇప్పుడతని మోకాళ్లు మెట్లు దిగనివ్వవు.
నేను వెళ్లేటప్పుడు కిటికీలోంచి చెయ్యెత్తుతాడు.
వచ్చేటప్పుడు కనుబొమ్మలెగరేస్తాడు, ఎన్ని అని.

నిన్న చెవులు కొయ్యబారాయి,
పళ్ల మధ్య ఇసుక.
గేటు దగ్గర ఆగి
బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాను.

ఆవిరి పట్టిన అద్దం మీద
అతనూ ఒకటి చుట్టాడు.
అందులోంచి కాసేపు
ఒక కన్ను కనబడింది.