పద్నాలుగు సార్లు

మంగళవారం పొద్దున్న, మతోజిన్యోస్ రేవులో,
సార్డీన్ చేపల మీది మంచు కరగకముందే
మా బల్ల మీద నిన్న రాత్రి సీరియల్ని కూడా
కోసి పరిచేశారు.

తలలు తీసేది జుల్మీరా, తోకలు కత్తిరించేది గ్రాసిందా,
డబ్బాలో పేర్చేది నేను,
నాకెదురుగా మా అమ్మ ఎర్మెలిందా.
కత్తెరలు ఆగవు. నోళ్ళు అసలే ఆగవు.

కథ రెండు ముక్కల్లో చెప్తాను:
సిగరెట్లు దొంగచాటుగా దాటించే కుటుంబం.
పెద్దవాణ్ణి కన్నారు, చిన్నవాణ్ణి తెచ్చుకున్నారు.
పెద్దవాడు ఒక కాపలావాణ్ణి పడవలోంచి తోసేశాడు.
చిన్నవాడు చూశాడు.
నిన్న కోర్టులో నిలబడి
చూసింది చూసినట్టు చెప్పేశాడు.

"నే చెప్పలా!" అంది జుల్మీరా, ఒక తల తెగ్గోస్తూ.
"మొదటి వారమే అన్నాను, పరాయి నెత్తురు ఎప్పటికైనా బయటపడుతుందని."
"చచ్చినవాడికీ ఒక తల్లి ఉండదటే?"
"ఉంటే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడదూ?"
"అది వాడి కడుపే కాదని కదా ఇప్పటిదాకా నీ వాదన!"
బల్లంతా నవ్వింది.
మూతలు బిగించే మిషను దగ్గర్నించి కొత్తపిల్ల లియోనోర్ అరిచింది:
"రాసినవాళ్ళదే తప్పు. ఆ నిజం కన్నకొడుకు చెప్తే
కథ నడవదా?"

అప్పుడు గుర్తొచ్చింది జుల్మీరాకి, నేనెవరో.
ముప్పై ఎనిమిదేళ్ళుగా తెలిసిందే,
మాట జోరులో మరిచిపోయింది.
"నీ సంగతి వేరులే, ఒడీలియా" అంది.
ఆ 'వేరు'ని తీసుకుని
నేను డబ్బాలో పేర్చాను,
వెండి వైపు పైకి కనబడేలా.

మూడేళ్ళ కిందట మా అన్న అడెరీతు
గోడౌన్లోంచి ఎనిమిది నూనె డ్రమ్ములు మాయం చేసినప్పుడు
మేనేజరు నన్నే పిలిచి అడిగాడు.
"ఇంట్లోనే ఉన్నాడు, జ్వరం" అన్నాను.
రెప్ప కూడా వెయ్యలేదు.
ప్రేమ కాదది.
'ఎంతైనా' అని మొదలయ్యే వాక్యం ఒకటుంది ఈ ఊళ్ళో,
దాని చివర వినలేక.

కన్నబిడ్డ ఇంటి మీద దుమ్మెత్తి పోసి
ఆదివారం భోజనానికి తిరిగి రావచ్చు.
నేను మాత్రం నెలనెలా అద్దె కట్టినట్టు
విశ్వాసం కట్టుకుంటూ వచ్చాను.
ఎవరూ అడగలేదు. ఆ మాట చెప్పి తీరాలి.
ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

తోడబుట్టడమంటే ఏమిటో నాకు తెలీదు,
తోడపెరగడం తెలుసు:
ఒకే దుప్పటికి రెండు కొసల్నించీ లాగులాట.
నిన్న రాత్రి ఆ కోర్టు కుర్రాణ్ణి చూసి
కళ్ళు చెమర్చింది జాలితో కాదు,
అసూయతో.

అమ్మ అంతసేపూ నోరు విప్పలేదు.
ఉన్నట్టుండి, "పద్నాలుగు సార్లు" అంది.
"ఏంటీ?"
"'పెంపుడు కొడుకు' అన్నాడా లాయరు. లెక్కపెట్టాను.
తోసి చంపినవాణ్ణి ఒక్కసారైనా 'కన్నకొడుకు' అన్నారా?
వాడికి ఉత్త పేరు చాలు.
వాడు చంపితే వాడొక్కడి తప్పు.
వీడు నిజం చెప్తే మాత్రం నెత్తురు తప్పు!"

జుల్మీరా చేతిలో కత్తి కాసేపు
ఏ చేపా దొరకనట్టు నిలబడింది.

తర్వాత, నావైపు చూడకుండా,
మిషను మోతలో నాకే వినబడేంత గొంతుతో:
"ఆ రోజు వాడికి జ్వరం లేదు."
"తెలుసు."
"నాకూ తెలుసు. నువ్వు చెప్తావేమోనని చూశాను.
చెప్తే నీ కంచం తీసేస్తాననుకున్నావా, పిచ్చిదానా?"

పదింటికి గంట కొట్టారు.
వచ్చే సోమవారం ఆ తల్లి చిన్నవాడికి తలుపు తీస్తుందా తియ్యదా అని
జుల్మీరా, గ్రాసిందా కాఫీ పందెం వేసుకున్నారు.
అమ్మ అందులో చేరలేదు.
నా డబ్బాలోంచి ఒక చేపని పైకి లాగి,
తలకిందులుగా పెట్టానని తిట్టి,
తిప్పి పెట్టింది.