రోహిణి కార్తెలో దుప్పటి

రోళ్లు పగిలే ఎండలో
పొదిలి బస్టాండు కాడ
మా మాలకొండక్క దుప్పటి కప్పుకుంది.
"చలి" అంది.
నవ్వినోళ్లలో నేనూ ఉన్నా.

ఒంగోలు డాక్టరు తలెత్తకుండానే మాత్ర పెంచాడు.
జుట్టు రాలుతోందన్నా, గొంతు బొంగురుపోయిందన్నా
"పదేళ్ల నించీ ఉన్నదేగా."

గాజులమ్మే మస్తాన్‌బీ మాత్రం
చెయ్యి పట్టుకుని ఆగింది.
"రెండూ నాలుగు చెయ్యి ఇది,
రెండూ ఎనిమిదీ ఎక్కట్లా.
పిచ్చికి చేతులు వాస్తాయా అమ్మా?
రక్తం చూపించండి."

ల్యాబు కుర్రాడు కాగితం రెండుసార్లు చదివాడు.

ఇప్పుడు పరగడుపున చిన్న థైరాయిడ్ మాత్ర.
పాత మాత్రలూ ఉన్నాయి,
ఆమెకే వినబడే పాత గొంతులూ ఉన్నాయి.
మొన్న మాత్రం
దుప్పటి మడిచి నా చేతికిచ్చి
"ఉక్కగా ఉందిరా" అంది.

విసనకర్ర వెతికే వంకన
లోపలికి పోయి
చాలాసేపు వెతికా.