ఞ

మా బ్యాచ్‌లో ఇద్దరికి డెన్మార్క్ పడింది.
నాకు సెరంగో కొండలు.
శిశు వికాసం. పరాయి చోట ఆరు వారాల కాపురం,
బడుల సందర్శన, ఆఖర్న నివేదిక.
రూల్సు అందరికీ ఒకటే.
వాళ్లకి వీసా కావాలి.
నేను పాతపట్నంలో ఎక్కి
పర్లాకిమిడిలో దిగి జీపు మారాలి.

బస్సులో కండక్టరు
తెలుగులో టికెట్ కొట్టి
ఒడియాలో చిల్లర లేదన్నాడు.
ఇదేం విదేశం, అనుకున్నాను.

అంగన్‌వాడీ గోడ మీద ఒడియా అక్షరాలు,
మన అక్షరాలే గొడుగులేసుకుని నిలబడ్డట్టు.
మార్థా అపా ఒడియాలో పాట చెప్తుంది.
ఇరవై ముగ్గురు గుంటలు పెదాలు కదుపుతారు,
వానలో నిలబడ్డ గేదెల ఓపికతో.

నా సంచిలో పది చెక్క దిమ్మలు, రంగు పూసలు,
ఒక స్టాప్‌వాచీ,
తలకి నాలుగు పేజీల ఫారం.
మొదటి గడి: పేరు.

గుమ్మంలో కూచున్న పిల్ల.
ముక్కు కారుతోంది, మోచేతి దాకా చింతపండు.
సైగ చేసి అడిగాను.
గుండె మీద వేలు పెట్టుకుని
"ఞెన్" అంది.
రాసుకున్నాను. ఞెన్. ఆడ. నాలుగేళ్లు, సుమారు.
పక్కన పిల్లాడు. వేలు, గుండె. "ఞెన్."
మూడో పిల్ల. "ఞెన్."
ఒక్క బడిలో ముగ్గురా,
ఏ కొండదేవత పేరో పెట్టుకుని ఉంటారని
మార్జిన్‌లో చిన్న సిద్ధాంతం కూడా లేవదీశాను.

మార్థా అపా ఒలుస్తున్న గుడ్డు
నవ్వుతో చేజార్చుకుంది.
సంత తెలుగులో చెప్పింది:
"సవరలో ఞెన్ అంటే నేను, అమ్మా."

ఞ.
చిన్నప్పుడు పలక మీద తెగ దిద్దాను దాన్ని.
వాచకంలో ప్రతి అక్షరానికీ బొమ్మ ఉంది,
చకి చక్రం, జకి జడ,
దీని గడి ఒక్కటీ ఖాళీ.
అప్పలస్వామి మాస్టార్ని అడిగితే
"అది రాయడానికే, వాడడానికి కాదు" అన్నారు.
జ్ఞానం అన్న మాటలో
జ కింద ఒత్తయి నలగడం చూశాను తప్ప
తన కాళ్ల మీద నిలబడగా చూడలేదు.

ఆ రాత్రి లాంతరు పక్కన బట్టీ పట్టాను.
ఞెన్, నేను. అమన్, నువ్వు.
పొద్దున్నే ఆ పిల్లకేసి వేలు చూపి
"ఞెన్!" అన్నాను ధీమాగా.
బడి మొత్తం చాప మీద దొర్లింది.

రెండో సెమిస్టర్లో చదివిందే:
నేనూ నువ్వూ తారుమారు చేయడం
రెండేళ్ల వయసులో సహజం.
నాలుగేళ్లొచ్చినా పోకపోతే
నిపుణులకి చూపించాలి.
నాకు ఇరవై ఆరు.

సుబాసి, ఆ పిల్ల పేరు సుబాసి,
నా దిమ్మలు తన ఒళ్లోకి లాక్కుంది.
ఒకటి ఎత్తి చూపి, ఒక మాట అని, ఆగింది.
తప్పు పలికాను.
నవ్వలేదు. మళ్లీ చెప్పింది,
నోరు ఇంత తెరిచి, మెల్లగా,
నాలుక ఎక్కడ ఆనించాలో నాకు కనబడేలా.
మూడోసారికి తల ఊపి
రెండో దిమ్మ ఎత్తింది.

ఫారంలో ఏడో గడి: తనంతట తాను మాట్లాడుతుందా?
మొదటి రోజే "లేదు" అని టిక్కు పెట్టేశాను.
పెన్నుతో.

డెన్మార్క్ నించి హైందవి వీడియో పంపింది.
వానలో, బురదలో పిల్లలు.
టీచర్లు దూరంగా కాఫీ తాగుతూ.
"ఎంత బాగుందో చూడవే, వీళ్ల పద్ధతి!"
ఇక్కడా వాన. ఇక్కడా బురద.
దానికి పద్ధతని పేరెవరూ పెట్టలేదు.
మార్థా అపా మాత్రం
చొక్కాలు ఎండవని తిడుతోంది.

ఏడో గడి కొట్టేసి, పక్కన సంతకం చేశాను.
మొదటి గడి దిద్దలేదు.
పేరు: ఞెన్.
గైడు మేడం ఎర్రసిరాతో సున్నా చుడతారు.
చుట్టనీ.